సిస్టమ్ స్లో అయితే ఫార్మాట్ కొట్టించడమేనా? ఫ్రీ టూల్స్‌తో ఇంట్లోనే చూసుకోవచ్చా?

సింగరాయకొండ అబ్బాయి:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది. నాలుగో జనరేషన్ ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. నాన్న ఎరువుల కొట్టు లెక్కలన్నీ ట్యాలీలో ఇందులోనే ఉన్నాయి. అక్క పెళ్లి ఫొటోలూ ఇందులోనే. ఈమధ్య ఆన్ చేసి టీ తాగి వచ్చినా డెస్క్‌టాప్ రావడం లేదు. ట్యాలీ తెరిస్తే స్క్రీన్ తెల్లగా అయిపోయి నాట్ రెస్పాండింగ్ అంటోంది. దగ్గర్లోని షాపులో మూత కూడా తీయకుండా ఫార్మాట్ కొట్టాలన్నారు, అంటే ఉన్నదంతా తుడిచి విండోస్ మళ్లీ వేయాలట. డేటా సంగతి అడిగితే డీ డ్రైవులోకి మార్చుకో, దానికేమీ కాదన్నారు. మా బావేమో చెత్త ఫైళ్లు తీసే ఫ్రీ క్లీనర్ ఏదో ఒకటి వేస్తే సరిపోతుందంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పెన్నా ఒడ్డు, నెల్లూరు:
తమ్ముడూ, ఇప్పటికి ఇద్దరి మాటా పక్కన పెట్టు. జబ్బేందో తెలియకుండా మందు వేయకూడదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏమీ తెరవకుండా కాసేపు ఊరికే వదిలేసి చూడు. డిస్క్ అన్న కాలమ్ 100 శాతం దగ్గరే నిలబడి, పెర్ఫార్మెన్స్ పేజీలో చదివే వేగం మాత్రం అతి తక్కువగా ఉండి, రెస్పాన్స్ టైమ్ వందలు, వేల మిల్లీసెకన్లు చూపిస్తే అనుమానం డిస్క్ మీదే. ఆ తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వేసుకో. ఉచితం, చిన్న ప్రోగ్రామ్. నీలం రంగు ఉంటే డిస్క్ బాగున్నట్టు, పసుపు ఉంటే జాగ్రత్త పడమన్నట్టు, ఎరుపు ఉంటే పోయినట్టే. కింద పట్టికలో 05, సీ5, సీ6 అని మూడు వరుసలుంటాయి. సెక్టార్ అంటే డిస్క్‌లో డేటా రాసే చిన్న గడి. చెడిపోయిన సెక్టార్ల బదులు డిస్క్ తన స్పేర్ సెక్టార్లను ఎన్ని వాడుకుందో 05 చెబుతుంది. సరిగా చదవలేక ఏమీ తేల్చకుండా పెండింగ్‌లో పెట్టినవి సీ5. చివరికి చదవడం కుదరనివి సీ6.

డీ డ్రైవుకేమీ కాదన్న మాట మాత్రం నమ్మొద్దు. ఒకే పొలానికి మధ్యలో గట్టు వేసి రెండు మళ్లు చేసినట్టు, సీ, డీ రెండూ ఒకే డిస్క్‌లో ఉన్నాయి. డిస్క్ పోతే రెండూ పోతాయి.

చీమకుర్తి సర్వీసు:
పెన్నా అన్నా, చెప్పినవి నిజమే. కానీ మీరు షాపులో కూర్చుని చూడాలి. ఫ్రీ టూల్స్ అని వెతికి డ్రైవర్ అప్‌డేటర్లు, బూస్టర్లు, రెండు మూడు యాంటీవైరస్‌లు ఒకేసారి వేసుకుని మా దగ్గరికి తెస్తారు. మొదట ఉన్న కంప్లయింట్ కంటే తర్వాత తగిలించుకున్నవే ఎక్కువ. వాటిని ఒక్కొక్కటీ వెతికి పీకేలోగా ఫ్రెష్‌గా విండోస్ వేసి ఇచ్చేయొచ్చు. క్రాక్ యాక్టివేటర్, అంటే లైసెన్సు కొనకుండా విండోస్ నడిపించే దొంగ ప్రోగ్రామ్, వేసిన సిస్టమ్ అయితే నేను ఫార్మాటే అంటాను. అందులో ఇంకా ఏం దాగుందో ఎవరికి తెలుసు?

ఇంకోటి, మీ టూల్ దుమ్మును చూపించదు. మా ఊళ్లో గ్రానైట్ పొడి సంగతి అందరికీ తెలుసు. మూత తీస్తే ప్రాసెసర్ మీద వేడిని లాగేసే హీట్‌సింక్ రెక్కల మధ్య తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. దానికి క్లీనర్లూ పనిచేయవు, ఫార్మాటూ పనిచేయదు. ప్లగ్ పీకి, బ్రష్‌తో దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. పవర్ సప్లయ్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది.

పెన్నా ఒడ్డు, నెల్లూరు:
దుమ్ము మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను అన్నా. వేడి ఎంతుందో కోర్ టెంప్ అనే ఉచిత టూల్ చూపిస్తుంది. పని లేకుండా ఊరికే ఉన్నప్పుడే 80 డిగ్రీలు దాటితే మూత తీయాల్సిందే.

ఫార్మాట్ దగ్గరే మీతో పేచీ. అది మీకు టైమ్ మిగిలిస్తుంది, నిజమే. ఆ ఇంటివాళ్లకు మాత్రం ట్యాలీ మళ్లీ వేయించాలి, ప్రింటర్ మళ్లీ కలపాలి, బ్యాంకు డిజిటల్ సంతకం డ్రైవర్ వెతుక్కోవాలి. అంతా చేశాక పాడైన డిస్క్ పాడైనట్టే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ అంటే ఫైళ్ల పట్టికను కొత్తగా రాయడమే గానీ చెడిన సెక్టార్‌ను బాగుచేయడం కాదు. అందుకే కొన్నాళ్లు బాగానే ఉన్నట్టుండి మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు ఇంకో ఐదొందలు ఎవరిస్తారు?

క్లీనర్ల విషయానికొస్తే బావగారి మాటకు నేను పూర్తిగా వ్యతిరేకం. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే చోటు. దాన్ని శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్లను తాము సపోర్ట్ చేయమని మైక్రోసాఫ్టే చెబుతోంది. 2017లో బాగా పేరున్న సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోనే ఎవరో మాల్వేర్ చొప్పించారు. కంపెనీ సొంత సైటు నుంచి దించుకున్నవాళ్లకూ అది వచ్చింది. సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలోకి చేరిందని అప్పట్లో కంపెనీయే చెప్పింది. చెత్త తీయడానికి విండోస్‌లోనే స్టోరేజ్ సెన్స్ ఉంది. ఆన్ కాగానే పరిగెత్తే ప్రోగ్రామ్‌లను టాస్క్ మేనేజర్ స్టార్టప్ పేజీలో ఆపేయొచ్చు. వైరస్ అనుమానముంటే విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టు. అది విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, దాక్కోవడం కష్టం.

కావలి టీచర్:
మీ ఇద్దరూ తెలిసినవాళ్లు కాబట్టి వాదించుకుంటున్నారు. మామూలు ఇళ్లలో ఆ టూల్ పేరు వెతకగానే డౌన్‌లోడ్ అని నాలుగు బటన్లు కనిపిస్తాయి, అందులో మూడు ప్రకటనలు. కాబట్టి టూల్ పేరు చెప్పి వదిలేయకండి, తయారుచేసినవాళ్ల సొంత సైటు నుంచే తీసుకోమని కూడా చెప్పండి.

నాకు అసలు భయం వేరే ఉంది. మీ కంప్యూటర్‌కు వైరస్ వచ్చింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని స్క్రీన్ నిండా వచ్చేస్తుంది, ఒకటే కూత. మా పిల్లల తల్లిదండ్రులు చాలామంది అది నిజమనుకుంటారు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరే ఉండదు. బ్రౌజర్‌ను టాస్క్ మేనేజర్ నుంచి మూసేస్తే పోతుంది. ఫోన్ చేస్తే దూరం నుంచి కంప్యూటర్ నడిపించే ఎనీడెస్క్ లాంటిది వేయించి, స్క్రీన్ తమ చేతుల్లోకి తీసుకుని బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంకొక చిన్న మాట. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోయి, ఏ సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదంటుంటే, అది మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. దానికీ ఫార్మాట్ చేయాలన్న షాపును నేను చూశాను. చాలా కోపం వచ్చింది.

ఒంగోలు లినక్స్:
ఒక మాట అందరూ మర్చిపోతున్నారు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి కావాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా కావాలి. నాలుగో జనరేషన్ ఐ3 అందులోకి రాదు. విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకో తమ్ముడూ, ఉచితం, పాత సిస్టమ్ మీద కూడా బాగానే నడుస్తుంది.

చీమకుర్తి సర్వీసు:
ట్యాలీ లినక్స్ మీద నేరుగా నడవదు అన్నా. వాళ్ల నాన్నగారికి అదే ప్రాణం. ఇక్కడ ఆ సలహా పనికిరాదు.

ఒంగోలు లినక్స్:
ఒప్పుకుంటాను. కానీ మింట్ పెన్‌డ్రైవ్ ఒకటి చేసి పెట్టుకోవాలి. రూఫస్ అనే ఉచిత టూల్‌తో చేసుకోవచ్చు. విండోస్ లేవకపోయినా పెన్‌డ్రైవ్ నుంచే మింట్ నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. డిస్క్ తెరుచుకుంటే ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు.

సింగరాయకొండ అబ్బాయి:
అన్నా, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వేశాను. పసుపు రంగు చూపిస్తోంది. సీ5 వరుస చివర 18 అని ఉంది. షాపులో చెబితే చెక్ డిస్క్ (విండోస్‌లో డిస్క్ తప్పులు వెతికే కమాండ్) కొట్టు, సరిపోతుందంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

పెన్నా ఒడ్డు, నెల్లూరు:
అది హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారు చొప్పున లెక్కించే పద్ధతిలో చూపిస్తుంది తమ్ముడూ. 18 అంటే మన లెక్కలో 24. చెక్ డిస్క్ ఇప్పుడు వద్దే వద్దు. దానికి స్లాష్ ఆర్ అన్న ఆప్షన్ పెడితే డిస్క్ మొత్తం మొదటినుంచి చివరిదాకా చదువుతుంది. నీరసంగా ఉన్న డిస్క్ ఆ శ్రమకే పోవచ్చు. విండోస్ సిస్టమ్ ఫైళ్లను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్ కూడా తర్వాత చూద్దాం. ముందు కాపీ.

చీమకుర్తి సర్వీసు:
ఈ విషయంలో అన్నతో నేనూ ఏకీభవిస్తాను. పసుపు చూశాక నేనూ ఫార్మాట్ చేయను. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి తెచ్చుకోండి. ట్యాలీలోనే బ్యాకప్ ఆప్షన్ ఉంది, ముందు అది తీయండి. చిన్న ఫైళ్లు, తొందరగా అయిపోతాయి. తర్వాత ఫొటోలు. విండోస్ కాపీ ఒక ఫైలు చదవలేకపోతే అక్కడే ఆగి అడుగుతుంది. టెరాకాపీ అనే కాపీ టూల్ అయితే దాన్ని వదిలేసి మిగతావి తీసుకుపోతుంది, ఏవి రాలేదో చివర చూపిస్తుంది.

ఆ తర్వాత కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్) మీద ఫ్రెష్ విండోస్. ఇక్కడ మాత్రం నేను తగ్గను. పాత డిస్క్‌ను క్లోన్ చేస్తే, అంటే ఉన్నదున్నట్టు కాపీ చేస్తే, చెడిపోయిన సిస్టమ్ ఫైళ్లు కూడా కొత్తదానిలోకి వస్తాయి.

పెన్నా ఒడ్డు, నెల్లూరు:
కొత్త డిస్క్ మీద ఫ్రెష్‌గా వేయడానికి నాకూ అభ్యంతరం లేదు. నేను వద్దన్నది పాతదాని మీద ఫార్మాట్ కొట్టడం. ఎస్‌ఎస్‌డీ వేశాక కూడా ఆ పాత డిస్క్‌ను అట్టాగే తీసి దాచు తమ్ముడూ. నాన్నగారు ట్యాలీ తెరిచి పాత బిల్లులన్నీ ఉన్నాయని చూసుకున్నాకే దాని సంగతి. కాపీ జరిగేటప్పుడు సిస్టమ్‌ను స్లీప్‌లోకి పోనివ్వొద్దు, పవర్ సెట్టింగ్స్‌లో నెవర్ అని పెట్టు. వానొచ్చి కరెంటు ఆడుతుంటే మాత్రం యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు.

సింగరాయకొండ అబ్బాయి:
ట్యాలీ బ్యాకప్ వచ్చేసింది అన్నా, మా అక్క ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాం, బాకీల పుస్తకం మొత్తం ఉంది. ఫొటోలు పోతున్నాయి, రెండు ఫోల్డర్ల దగ్గర చాలా నెమ్మదిగా ఉంది. ఆపేయనా?

చీమకుర్తి సర్వీసు:
ఆపకండి. ఆ రెండు ఫోల్డర్లను ఆఖరికి పెట్టి, బాగా వస్తున్నవి ముందు తీసేయండి.