పర్లాకిమిడి దగ్గర చిన్న జీడిపప్పు కార్ఖానా: 12 లక్షలతో నిలబడుతుందా?

ప్రశ్న: పర్లాకిమిడి వాసి

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లాలో పర్లాకిమిడికి దగ్గరి పల్లె. ఇంట్లో తెలుగు, సర్కారు కచేరీలో ఒడియా, కొండ మీది సంతకు వెళ్తే సవర, ఇలా మూడు భాషల మధ్య బతికే ఊరు మాది. నాన్నగారు కొండవార భూమిలో వేసిన జీడిమామిడి తోట ఆరు ఎకరాలు ఉంది. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు అందులో సగానికి పైగా చెట్లు కూలిపోయాయి. తర్వాత నాటిన అంట్లు ఇప్పుడు బాగా కాపుకు వచ్చాయి. ఏటా పిక్కలు ఎండబెట్టి పలాస వ్యాపారికి అమ్ముకోవడమే తప్ప, పప్పు తీసే పని మా ఇంట్లో ఎవరూ చేపట్టలేదు.

మా తమ్ముడు పలాసలో ఒక కార్ఖానాలో ఏడేళ్లు పనిచేసి, పిక్కలు ఉడకబెట్టడం మొదలుకొని కటింగు, బోర్మా (పప్పును వేడిలో ఆరబెట్టడం), పొర తీయడం, గ్రేడింగు వరకు అన్నీ నేర్చుకొని ఇంటికి వచ్చాడు. ఇద్దరం కలిసి రోజుకు రెండు క్వింటాళ్ల పిక్కలు ఆడే చిన్న యూనిట్ పెట్టాలని అనుకుంటున్నాం. పాత ధాన్యపు కొట్టు ఒకటి మాకే ఉంది. దాచుకున్నదీ, బంధువుల దగ్గర సర్దుకున్నదీ కలిపి 12 లక్షలు చేతిలో ఉన్నాయి. ఆవిరి కుక్కరు, ఆరు చేతి కటింగు యంత్రాలు, బోర్మా, కాటాలు అన్నింటికీ 5 లక్షలు అవుతాయని తేలింది.

తమ్ముడి లెక్క ఇది: పిక్కలు కిలో 120 రూపాయలు అనుకుంటే, నాలుగు కిలోలకు కిలో పప్పు వస్తుంది, అంటే 480 రూపాయలు. దుకాణంలో పప్పు కిలో 900 పలుకుతోంది. కూలీ, కట్టెలు, కరెంటు పోయినా కిలోకు 250 మిగలకపోతుందా అని అతని వాదన. నాకు మాత్రం ఇంత సులువైతే పలాసలో కొందరు ఎందుకు మూసుకున్నారన్న అనుమానం పోవడం లేదు. మార్చిలో పిక్కలు దిగడం మొదలవుతుంది కాబట్టి, ఆలోచించుకోవడానికి రెండు నెలలే వ్యవధి ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: గుణుపురం నుంచి

మీ అనుమానమే సరైనది. నేను ఇటువంటి యూనిట్ పెట్టి నాలుగేళ్లు నడిపి మూసేసినవాణ్ణి కనుక, నాకు తెలిసినదంతా దాచుకోకుండా రాస్తున్నాను.

మీ తమ్ముడు పని తెలిసినవాడే గాని, కొనుగోలు బల్ల దగ్గర కూర్చున్నవాడు కాదు. దుకాణంలో 900 పలికేది చెక్కుచెదరని గుండు పప్పుకు, అదీ డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 వంటి గ్రేడుకు తూగినదానికి. 320 అంటే పౌనుకు, అంటే 453.6 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు తూగే పప్పు. సంఖ్య తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. కటింగులో, పొర తీయడంలో కొంత బద్దగా, కొంత ముక్కగా, కొంత నూకగా మారక తప్పదు. పైగా మీరు అమ్మేది దుకాణదారుకు గాని ఇంటికి కొనుక్కునేవాడికి కాదు. అందువల్ల అన్ని గ్రేడులకూ కలిపి సగటు ధర వేసుకోవాలి. ఉదాహరణకు ఆ సగటును 650 అనుకుందాం.

ఇప్పుడు ఒక క్వింటాలు పిక్కలు తీసుకోండి. కొనుగోలు 12,000. కూలీ, వంట చెరకు, కరెంటు, సంచులు, రవాణా అన్నీ కలిపి మరో 2,500 వేసుకుంటే 14,500 అయింది. పప్పు 24 కిలోలు దిగితే 15,600 చేతికి వస్తుంది, 1,100 మిగులుతుంది. అదే 22 కిలోలే దిగిందనుకోండి, వచ్చేది 14,300, అంటే క్వింటాలుకు 200 నష్టం. 24 కిలోలు దిగినా సగటు ధర 50 రూపాయలు పడిపోతే 100 నష్టం. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవే, మీ ఊరి ధరలతో మీరు మళ్లీ వేసుకోండి. రెండు కిలోల పప్పు తేడాతో లాభం నష్టంగా మారే ఈ తీరు మాత్రం మిగులు ఇంత సన్నగా ఉన్నప్పుడల్లా కనిపిస్తుంది. ఈ వ్యాపారంలో లాభం యంత్రం మీద రాదు, పిక్క కొన్న రోజే ఖాయమైపోతుంది.

నేను ఆ పాఠం రెండో ఏడాది నేర్చుకున్నాను. ఏప్రిల్‌లో ఒక దళారి తెచ్చిన 60 బస్తాలను పై వరస బస్తాలు మాత్రం విప్పించి చూసి కొన్నాను. పై పిక్కలు చేత్తో కదిపితే గలగలమన్నాయి, పెంకు మీద గోరు దిగలేదు. లోపలి వరసల్లో నిమ్ము ఆరని పిక్కలు కలిపారని నాకు జూన్‌లో బస్తాలు తిరగేసినప్పుడు గాని తెలియలేదు. అప్పటికి బస్తాల అడుగున గోనె నల్లబడి, బూజు వాసన కొడుతోంది. కోసి చూస్తే పప్పు మీద మచ్చలు, కొన్నింటిలో పప్పు ముడుచుకుపోయి ఉంది. ఆ సరుకు నష్టాన్ని పూడ్చుకోవడానికి నాకు మిగిలిన రెండేళ్లూ సరిపోలేదు.

కాబట్టి కొనేముందు ప్రతి లాటు నుంచీ, పైనుంచీ నడుమనుంచీ అడుగునుంచీ తీసి కలిపిన ఒక కిలో పిక్కలను కోసి చూడండి. ముందు ఎన్ని పిక్కలు తూగాయో లెక్కపెట్టండి. తర్వాత మంచి పప్పును వేరుగా, మచ్చ పడినదాన్నీ ముడుచుకున్నదాన్నీ వేరుగా, తాలు, పుచ్చులను వేరుగా తూచండి. మంచి పప్పు గ్రాములకు మచ్చ పప్పులో సగం కలిపి, 80తో గుణించి, 453.6తో భాగిస్తే 80 కిలోల బస్తాకు ఎన్ని పౌనుల పప్పు ఉందో వస్తుంది. వ్యాపారులు ఔటుటర్ను అనేది దీన్నే. ఇది పొరతో కలిపిన తూకం కాబట్టి అమ్మే పప్పు ఇంకొంత తగ్గుతుందని గుర్తుంచుకోండి.

జవాబు: బరంపురం, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

బాబూ, గుణుపురం వారు చెప్పినది లాభం సంగతి. నేను డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో చెప్తాను. ఇటువంటి దరఖాస్తులు చాలా చూశాను. వాటిలో యంత్రాల జాబితా పైసలతో సహా ఉంటుంది, సరుకు కొనే డబ్బు సంగతి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు.

రోజుకు రెండు క్వింటాళ్లు, ఏడాదికి 250 పని దినాలు అంటే 500 క్వింటాళ్లు. మన ప్రాంతంలో పిక్కలు దిగేది మార్చి నుంచి మే దాకా, వానలు పడితే జూన్ ఆరంభంతో సరి. అంటే ఏడాది పొడవునా ఆడవలసిన సరుకును మూడు నెలల్లో కొని పెట్టుకోవాలి. మీ 12,000 చొప్పున అది 60 లక్షలు. మీ దగ్గర యంత్రాలకు పోను మిగిలేది 7 లక్షలు, దానికి వచ్చేది 58 క్వింటాళ్లు, అంటే 29 రోజుల పని. నెల తిరగకుండానే యంత్రాలు ఆగి, నేర్పుగా పొర తీసే ఆడవాళ్లు వేరే పని వెతుక్కుంటారు. ఒకసారి వెళ్లిన పనివాళ్లు తిరిగి రావడం ఎంత కష్టమో మీ తమ్ముడికి తెలిసే ఉంటుంది. పలాసలో పెద్దవాళ్లు ఆఫ్రికా పిక్కలను దిగుమతి చేసుకొని ఏడాదంతా నడుపుతారు, ఆ మార్గం మీ స్థాయికి అందదు.

ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం, అంటే పీఎంఈజీపీ కింద తయారీ యూనిట్‌కు ప్రాజెక్టు వ్యయం పరిమితిని 2022లో 25 లక్షల నుంచి 50 లక్షలకు పెంచారు. గ్రామీణ ప్రాంతంలో సాధారణ వర్గం వారికి 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ తదితర ప్రత్యేక వర్గాల వారికి 35 శాతం రాయితీ ఉంటుంది. సొంత వాటా సాధారణ వర్గానికి 10 శాతం, ప్రత్యేక వర్గాలకు 5 శాతం. భూమి ఖరీదును ప్రాజెక్టు వ్యయంలో చూపకూడదు. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ఆ రాయితీ మీ చేతికి రాదు. బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, తర్వాత అప్పులో జమవుతుంది. కాబట్టి దాన్ని నమ్ముకొని పిక్కలు కొనడం కుదరదు. వర్కింగు క్యాపిటల్, అంటే సరుకు కొని యూనిట్ నడుపుకొనే డబ్బు కింద మంజూరైన పరిమితిని కూడా ఆ మూడేళ్లలో ఒక్కసారైనా పూర్తిగా వాడి చూపించాలి, వాడకం 75 శాతానికి తగ్గకూడదు. అందువల్ల అడిగేటప్పుడే ఎంత సరుకు కొంటారో, ఎన్ని నెలలు నిల్వ ఉంచుతారో, ఏ నెలలో ఎంత అమ్ముతారో నెలవారీ కాగితం మీద పెట్టి అడగండి. ఆ కాగితం బ్యాంకు కోసం కాదు, మీ కోసం.

బంధువుల దగ్గర తెచ్చిన డబ్బు ఎంతో, ఎప్పుడు తిరిగివ్వాలో రాయలేదు. అది ఏడాది లోపు ఇవ్వవలసిన డబ్బయితే దాన్ని పిక్కల్లో పెట్టకండి. ధర పడిన నెలలో సరుకు తెగనమ్మవలసి రావడానికి అదే మొదటి కారణమవుతుంది.

జవాబు: కాశీనగరం నుంచి

నేను పన్నెండేళ్లుగా జీడిపప్పు కొని, పొట్లాలు కట్టి, బరంపురం దాకా దుకాణాలకు వేస్తున్నాను. పై ఇద్దరు పెద్దలు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే, ప్రశ్న అడిగిన అన్నయ్యగారి ఆలోచన పూర్తిగా మానుకోవలసినది కాదని నా అభిప్రాయం. మొదలుపెట్టే వరస మార్చుకుంటే చాలు.

ఈ ఏడాది యంత్రాలు కొనకండి. పిక్కలు మాత్రం కొని, బాగా ఎండబెట్టి, పలాస వైపు ఏదైనా యూనిట్‌లో కూలికి ఆడించుకోండి. ఉడికించడానికీ, కోతకూ, పొరకూ కిలోకు ఇంత అని మాట్లాడుకోవచ్చు. అప్పుడు మీ పిక్కకు ఎంత పప్పు దిగుతుందో, గుండు ఎంత, బద్ద ఎంతో, మీ తమ్ముడు అక్కడే నిలబడి రాసుకోగలడు. ఒక సీజను కాగితాలు చేతిలో ఉంటే బ్యాంకు ముందు మీ మాటకు బరువు ఉంటుంది. ఒక జాగ్రత్త: మనది ఒడిశా, అది ఆంధ్ర. జీఎస్టీ నమోదు తీసుకొని, చలానాతో పంపండి. వేరే రాష్ట్రంలోని యూనిట్‌కు కూలి పనికి పంపే సరుకుకు విలువ 50 వేల లోపు ఉన్నా ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం, తీయాలి. పాతపట్నం దాటేదాకా ఎవరూ అడగరులే అనుకొని బండి పంపితే, అడిగిన రోజున సరుకు రోడ్డు మీద ఆగిపోతుంది. నమోదు ఉన్నవారు రైతు దగ్గర పిక్కలు కొంటే, రైతు బదులు కొన్నవారే పన్ను కట్టి తర్వాత జమ చేసుకోవాలన్నది కూడా గుర్తుంచుకోండి.

అమ్మకం గురించి నా మాట. గుండు పప్పుకు మనం పలాసతో పోటీ పడలేం, వాళ్ల దగ్గర అన్ని గ్రేడులూ ఎప్పుడూ ఉంటాయి. కానీ బద్ద, ముక్కలను ఇక్కడి మిఠాయి దుకాణాలు, వంటవాళ్లు, ఫలహారశాలలు ఏడాది పొడవునా కొంటాయి. పెళ్లిళ్ల నెలల్లోనైతే అడిగినంత ఇవ్వలేకపోతాను. వాళ్లకు కావలసింది వారం వారం తప్పకుండా అందే సరుకు. ఇలాంటి పది దుకాణాలతో ముందే మాట్లాడి, ఎవరికి నెలకు ఎంత కావాలో రాసుకోండి.

ఇక మీ అసలు బలం తోట కాదు, కొండ. సవర రైతులు పిక్కలు తట్టల్లో పెట్టుకొని మైళ్లు నడిచి సంతకు వస్తారు. అక్కడ కాటా సరిగ్గా ఉండదని వాళ్లకు తెలుసు, అయినా తిరిగి మోసుకుపోలేక ఇచ్చేస్తారు. మీరు ముద్ర వేసిన కాటా పెట్టి, వాళ్ల కళ్లముందు తూచి, ఆ చెట్టు కిందే డబ్బు చేతిలో పెడితే, మరుసటి వారం నుంచి మంచి పిక్క మీ దగ్గరికే వస్తుంది. తడి పిక్కకు ధర తగ్గుతుందనీ, రెండు రోజులు ఎండబెట్టి తెస్తే ఇంత ఎక్కువ ఇస్తాననీ వాళ్ల భాషలో చెప్పగలిగినవాళ్లు మీరు. దళారి ఎన్నడూ ఆ మాట చెప్పడు.

ప్రశ్న అడిగినవారి నుంచి: ఆరు వారాల తర్వాత

ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, కొంత చేసి చూశాక రాద్దామని ఆగాను.

గుణుపురం వారు చెప్పిన పద్ధతిలో నిరుటి పిక్కల నుంచి రెండు నమూనాలు కోశాం. మా తోటవి కిలోకు 190 పిక్కలు తూగాయి. మంచి పప్పు 246 గ్రాములు, మచ్చది 20 గ్రాములు, అంటే బస్తాకు 45 పౌనులు. దళారి దగ్గర తెచ్చినవి కిలోకు 214 పిక్కలు. మంచిది 218, మచ్చది 36, అంటే 41న్నర పౌనులే. పైకి రెండు బస్తాలూ ఒకేలా ఉన్నాయి, రెండింటికీ ధర కూడా ఒకటే. కానీ బస్తాకు కిలోన్నర పైచిలుకు పప్పు తేడా, గుణుపురం వారు వేసిన 650 సగటు ధరకు దాదాపు వెయ్యి రూపాయలు. తమ్ముడు చేతిలో కత్తెర పట్టుకొని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏడేళ్లు తాను కోసిన పిక్కల్లో ఇంత తేడా ఉంటుందని ఎన్నడూ తూచి చూడలేదని చివరికి అన్నాడు.

బరంపురం పెద్దాయన మాట మీద బంధువుల డబ్బు 4 లక్షలు తిరిగి ఇచ్చేశాను. మిగిలిన 8లో ఈ సీజనుకు 5 లక్షలే పిక్కల్లో పెట్టి, 3 లక్షలు కదపకుండా ఉంచాలని నిర్ణయించుకున్నాం. యంత్రాలు ఈ ఏడాది లేవు. జీఎస్టీ నమోదుకు దరఖాస్తు పెట్టాను. పలాసలో ఒక యూనిట్‌తో కూలి పనికి మాట అయింది, పొర తీసిన పప్పుతోపాటు ముక్క, నూక కూడా తూచి అప్పగించాలని కాగితం మీద రాయించుకున్నాం. దుకాణాలు పదికి గాను ఆరు ఒప్పుకున్నాయి. వాటిలో నాలుగు మిఠాయి దుకాణాలు, వాటికి బద్ద పప్పే కావాలి.

ధాన్యపు కొట్టు కప్పు బాగు చేయించి, నేల మీద చెక్క పలకలు వేయించాను, బస్తాలు గోడకు మూరెడు దూరంగా పేర్చాలని తమ్ముడు పట్టుబట్టాడు. 100 కిలోల కాటా కొని, తూనికల శాఖ ముద్ర వేయించుకున్నాం. మార్చి రెండో వారంలో మొదటి సంత. నాతో మా ఊరి సవర పెద్దాయన ఒకరు వస్తానన్నారు, ఎండబెట్టిన పిక్కకు ఎంత ఎక్కువ ఇస్తామో ఆయనే చెప్తారట. కాశీనగరం వారిని ఒక్క విషయం అడగాలి: ఎండిన పిక్కకు కిలో మీద ఎంత తేడా ఇస్తే రెండు రోజుల శ్రమకు వాళ్లకు గిట్టుబాటవుతుంది? తక్కువ చెప్పి మొదటి వారమే నమ్మకం పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.