డికేటర్‌లో రెండు రోజులు: సదరన్ భోజనమా, బుఫోర్డ్ హైవేనా?

పెసరట్టు_ప్రియ:
అమెరికాలో అట్లాంటాకి తూర్పున ఆరు మైళ్ల దూరంలోని డికేటర్‌కి శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. మేమిద్దరమే. ఆయన అన్నీ తింటారు. నేను మాంసం, చేప ముట్టను, గుడ్డుతో పేచీ లేదు. కారు లేకుండా ఊళ్లోనే ఉండి సదరన్ (అమెరికా దక్షిణాది) తిండి తినండి అని కొందరంటున్నారు. "శాకాహారికి అక్కడేమీ దొరకదు, కారు తీసుకుని బుఫోర్డ్ హైవేకి పొండి" అని మరికొందరు. ఏది నయం?

రైలుబండి:
కారు దండగ. మార్టా (అట్లాంటా మెట్రో రైలు) స్టేషన్ ఊరి నడిబొడ్డున, కోర్టు చౌక్ కిందే ఉంది. ఎయిర్‌పోర్టులో రెడ్ లేదా గోల్డ్ లైన్ ఎక్కి ఫైవ్ పాయింట్స్‌లో దిగి, ఇండియన్ క్రీక్ వైపు వెళ్లే బ్లూ లైన్ పట్టుకోండి. టికెట్ రెండున్నర డాలర్లు, మారే సమయంతో కలిపి ముప్పావుగంట. వారాంతంలో బండి తప్పితే 20 నిమిషాల దాకా నిలబడాల్సి రావచ్చు. ఇంకోటి, స్టేషన్ ఉన్నది డొమెస్టిక్ టెర్మినల్‌లో. ఇంటర్నేషనల్ వైపు దిగితే ముందు షటిల్ బస్సెక్కి ఇటు రావాలి. హోటల్ చౌక్‌కి నాలుగైదు వీధుల్లోపు చూసుకుంటే మిగతాదంతా నడకే.

చాంబ్లీ_బాబాయ్:
నడిచి ఏం తింటారండీ? కాలర్డ్ గ్రీన్స్ అనే ఆకుకూర పంది మాంసంతో, బీన్స్ పంది మాంసంతో, కార్న్‌బ్రెడ్ బేకన్ కొవ్వుతో. క్లెయిర్‌మాంట్ రోడ్డు పట్టుకుంటే కారులో అరగంటలో బుఫోర్డ్ హైవే. వియత్నాం, కొరియా, మెక్సికో, సిచువాన్ వంటలన్నీ ఒకే దారిలో. వలస వచ్చినవాళ్లు చాంబ్లీ, డొరావిల్‌లో దుకాణాలు పెట్టి దశాబ్దాలైంది. ఇప్పుడు ఇదీ సదరన్ సబర్బే. వేయించిన చికెన్ తింటేనే సౌత్ చూసినట్టా?

బొబ్బర్లు:
బాబాయ్ గారూ, మీ మొదటి మాట నిజమే. కానీ బుఫోర్డ్ హైవే శాకాహారికి సులువన్నట్టు చెప్పారే, అది మాత్రం ఒప్పుకోను. టోఫూ ఫో (వియత్నాం నూడుల్స్ సూప్) అని రాసి ఉన్నా గిన్నెలో పోసేది బీఫ్ ఎముకల రసమే కావచ్చు. సాస్‌లో చేప ఉంటుంది. కొరియా పచ్చడి కిమ్చీలో ఉప్పు రొయ్యలు, సిచువాన్ మాపో టోఫూలో పంది కీమా, మెక్సికో రీఫ్రైడ్ బీన్స్‌లోనూ తమాలే పిండిలోనూ పంది కొవ్వు. పైగా ఒక్కోచోట ఒక్కో భాష, అడిగి తెలుసుకోవడం ఇంకా కష్టం.

సదరన్ వంటలో గొడవంతా రెండు మూడు పదార్థాల దగ్గరే. ప్రియ గారూ, "ఇది వెజిటేరియనేనా?" అని అడగకండి. ఔననే అంటారు. వాళ్ల లెక్కలో ఆకుకూర కూరగాయ, అందులో వేసిన పొగబెట్టిన హ్యామ్ హాక్ (పంది కాలి ముక్క) కేవలం రుచికి. "ఏం వేసి ఉడికించారు? పోర్కా, టర్కీయా, చికెన్ స్టాకా?" అని అడగండి. ముక్కలు ఏరిపారేసినా లాభం లేదు, గంటసేపు మరిగిన ఎముక రసం ఆకులోకి దిగిపోయి ఉంటుంది.

గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ, నీళ్లలోనో పాలలోనో వండుతారు. కొన్నిచోట్ల చికెన్ స్టాకు పోస్తారు, అదొక్కటి కనుక్కుంటే చాలు. బిస్కెట్ అంటే ఇక్కడ మెత్తటి రొట్టె, అందులో వెన్నా, లార్డా (పంది కొవ్వా) అని అడగాలి. పచ్చి టమాటా, బెండకాయ వేపుళ్లకి పిండి సమస్య కాదు, నూనె సమస్య. చికెన్ వేగిన మూకుట్లోనే అవీ వేగుతాయి. పిమెంటో చీజ్ (మిరప కలిపిన చీజ్ ముద్ద), "పీకాన్ పై" అనే గింజల తీపి వంటకం మీకు ఫరవాలేదు, గుడ్డు ఉంటుందంతే. చిలగడదుంప మీద మార్ష్‌మాలో కనబడితే వదిలేయండి, అది జెలటిన్. మెనూలో "వెజిటబుల్ ప్లేట్" ఉంటే మూడు నాలుగు పక్క వంటకాలు ఎంచుకోమంటారు. అందులో మాకరోనీ చీజ్ కూడా కూరగాయే!

చాంబ్లీ_బాబాయ్:
అంటే రెండు రోజులూ మాకరోనీ, గ్రిట్స్. బాగుంది.

రైలుబండి:
లేదు బాబాయ్. నల్లజాతివాళ్ల సదరన్ వంట అయిన సోల్ ఫుడ్‌లో వీగన్ (పాలు, గుడ్డు కూడా లేని) రకానికి అట్లాంటాలో దశాబ్దాల చరిత్ర ఉంది. హీబ్రూ ఇజ్రాయెలైట్లు, రాస్తాఫారీలు, అడ్వెంటిస్టులు అనే మత సమూహాలవాళ్లు దాన్ని నిలబెట్టారు. ఆ హోటళ్లకి వెస్ట్ ఎండ్ పేట పేరు. వెస్ట్ ఎండ్ స్టేషన్ కూడా ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే ఆ రెడ్, గోల్డ్ లైన్ల మీదే. శుక్రవారం సాయంత్రం చేతిలో చిన్న బ్యాగే ఉంటే దిగి తినేసి మళ్లీ ఎక్కొచ్చు. అక్కడ పోర్క్ లేని కాలర్డ్స్ దొరుకుతాయి. ఇది సదరన్ కాదని ఎవరనగలరు?

వంటగది_వాస్తు:
హోటల్ బదులు పొయ్యి ఉన్న గది తీసుకుంటే ఈ పేచీ సగం తీరుతుంది. డికేటర్ తర్వాతి స్టేషన్ అవండేల్. అక్కడ దిగి నడిస్తే యువర్ డికాల్బ్ ఫార్మర్స్ మార్కెట్, 1977లో మొదలైంది. ఫోటోలు తీయనివ్వరు, ముందే ఫోన్ జేబులో పెట్టుకోండి. కాలర్డ్స్ ఒక కట్ట కొని ఈనె తీసి, చుట్టి సన్నగా తరగండి. నూనెలో ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేయించి, చెంచా స్మోక్డ్ పాప్రికా వేసి, ఆకు, రెండు కప్పుల నీళ్లు, ఉప్పు. మూతపెట్టి సన్నసెగ మీద ముప్పావుగంట. దించేముందు చెంచా వినెగర్. పొగ వాసన పాప్రికా ఇస్తుంది. పాలకూరలాగా పది నిమిషాల్లో దించేస్తే నమలలేరు.

గ్రిట్స్ స్టోన్ గ్రౌండ్‌వి కొనండి. కప్పుకి నాలుగు కప్పుల నీళ్లు. ముందు చల్లటి నీళ్లలో కలిపి పైకి తేలే పొట్టు తీసేయాలి. మరుగుతున్న నీళ్లలో ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండలు కడుతుంది, కలుపుతూ సన్నగా జార్చాలి. నలభై నిమిషాలకి తక్కువైతే పంటికింద ఇసుకే.

ఆగస్టు, సెప్టెంబరులో వస్తే పచ్చి వేరుశనగ కాయలూ దొరుకుతాయి. జార్జియా వాళ్లు మనలాగే ఉప్పునీళ్లలో ఉడకబెట్టుకుంటారు, కాకపోతే గంటలకొద్దీ, గింజ మెత్తబడేదాకా.

చరిత్ర_చావడి:
తిండి గోల సరే, చౌక్‌లో ఏముందో ఎవరూ చెప్పరేం? పాత కోర్టు ముందు 1908లో నిలిపిన కాన్ఫెడరేట్ (బానిసత్వం కోసం అంతర్యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల) స్తంభాన్ని 2020 జూన్‌లో తీసేశారు. 2024 ఆగస్టులో అదే చోట పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ కాంస్య విగ్రహం పెట్టారు, 12 అడుగులు, శిల్పి బేసిల్ వాట్సన్. ఈ ఊరి జడ్జే 1960 అక్టోబరులో మార్టిన్ లూథర్ కింగ్‌కి నాలుగు నెలల శిక్ష వేశాడు. అలబామా లైసెన్సుతో కారు నడిపిన పాత కేసులో షరతు మీద బయట ఉంటూ అట్లాంటాలో జాతివివక్షకి వ్యతిరేకంగా సిట్-ఇన్‌లో (బైఠాయింపులో) కూర్చున్నాడని! రాత్రికి రాత్రి రీడ్స్‌విల్ జైలుకి తరలించారు. అప్పుడే అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న కెనెడీ, కింగ్ భార్య కోరెటాకి ఫోన్ చేశాడు. శనివారం పొద్దున చౌక్ చూసుకుని, బ్లూ లైన్‌లోనే కింగ్ మెమోరియల్ స్టేషన్‌కి వెళ్లండి. అక్కణ్ణుంచి నడిస్తే కింగ్ నేషనల్ పార్క్, ప్రవేశం ఉచితం, గాంధీ విగ్రహమూ ఉంది.

చాంబ్లీ_బాబాయ్:
స్టోన్ మౌంటెన్ మాటేమిటి? దానికైనా కారు కావాలిగా.

చరిత్ర_చావడి:
రెండు రోజుల్లో వద్దనే అంటాను. కొండ ఎక్కడం మైలు నడకే, కానీ రాకపోకలు, పార్కింగ్ కలిపి సగం రోజు పోతుంది. కొండకి చెక్కిన కాన్ఫెడరేట్ నాయకుల బొమ్మలు 1972లో పూర్తయ్యాయి. నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన కూ క్లక్స్ క్లాన్ ముఠా 1915లో మళ్లీ పుట్టింది కూడా ఆ కొండ మీదే. అది తెలిసి వెళ్లేవాళ్లు వెళ్లొచ్చు.

బొబ్బర్లు:
బాబాయ్ గారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. ప్రియ గారి ఆయన అన్నీ తింటారు కదా, ఒక్క శనివారం రాత్రి భోజనానికి బుఫోర్డ్ హైవే పెట్టుకోండి, ఊబర్‌లో. రైలుకైతే ఫైవ్ పాయింట్స్ దాకా వెనక్కొచ్చి గోల్డ్ లైన్ మారాలి, గంట పడుతుంది. దిగాక ఏడు వరసల రోడ్డు, దాటే చోట్లు దూరదూరం. ముందే ఒక హోటల్ అనుకుని నేరుగా దాని గుమ్మం ముందే దిగండి. ఆదివారం టిఫిన్‌కి పదిన్నరలోపే కూర్చోవాలి, పన్నెండు కొట్టేసరికి చర్చిలు వదిలి సదరన్ హోటళ్లన్నీ కిటకిటలాడతాయి.