అప్‌డేట్: ప్రపంచ మతాలు మైనర్‌గా తీసుకున్నాను

డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ మేజర్‌తో (ప్రధాన సబ్జెక్టుతో) పాటు ప్రపంచ మతాలను మైనర్‌గా (అదనపు సబ్జెక్టుగా) తీసుకోవచ్చా, నా భక్తి ఏమైనా దెబ్బతింటుందా అని పోయినేడాది అడిగాను కదా. తీసుకున్నాను. రెండు సెమిస్టర్లు అయిపోయాయి.

భక్తి సంగతి ముందు చెప్పేస్తాను: అలాగే ఉంది. క్లాసులో ఏ మతం నిజమో ఎవరూ తేల్చరు. మన నమ్మకాన్ని కాసేపు పక్కన పెట్టి, నమ్మేవాళ్ల కళ్లతో చూడమంటారు. వినడానికి తేలికే. నా సొంత మతం గురించి రాసేటప్పుడే చెమటలు పట్టాయి. మొదటి వ్యాసం ప్రవచనంలా ఉందని వెనక్కి ఇచ్చారు!

నాకు బాగా పనికొచ్చింది నినియన్ స్మార్ట్ పద్ధతి. 1967లో బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో మత అధ్యయన విభాగాన్ని మొదలుపెట్టింది ఆయనే. మతాన్ని సిద్ధాంతంగా మాత్రమే కాకుండా ఆచారం, అనుభూతి, కథలు, నీతి, సమాజం, కట్టడాలు, వస్తువులు అన్నీ కలిపి చూడాలంటాడు. అప్పటిదాకా మతమంటే గ్రంథమే అనుకునేదాన్ని. గ్రంథం చదవకుండానే నిష్ఠగా బతికే కోట్లమందిని ఎక్కడ పెడతాం మరి?

‘ప్రపంచ మతాలు’ అన్న వర్గీకరణ మీదే విమర్శ ఉందట. పెద్ద మతాలకు ఒక్కోదానికి ఒక్కో పెట్టె ఇచ్చి, గిరిజన సంప్రదాయాలను ‘ఇతరములు’లో పడేస్తారని. ఆ పాఠమే నాకు అన్నిటికన్నా నచ్చింది.

చదవాల్సింది మాత్రం విపరీతం. పరీక్షల వారంలో కోడింగ్ అసైన్‌మెంట్లతో కలిసి టెన్షన్ తప్పలేదు. వచ్చే సెమిస్టర్ ఈ మైనర్‌లో ఒక్క కోర్సే తీసుకుంటున్నాను.