సమస్యాపూరణం: రాగమెత్తి రాజు రాజ్యమోడె

నిర్వాహకుడు (విజయనగరం): మొన్న ఒక పద్యనాటకం చూసినది మొదలు ఈ పాదం నన్ను వదలడం లేదు; దీన్ని చివరి పాదంగా నిలిపి పద్యం పూరించండి. రంగస్థలం మీద పద్యం పాత్రను ఎలా పట్టిస్తుందో, కథను ఎలా నడిపిస్తుందో పూరణలో కనబడాలి. రాగానికి కోపమనో మోహమనో అర్థం చెప్పి తప్పించుకునే పూరణలను ఈసారి స్వీకరించను.

గంటస్తంభం:
కోట చుట్టు రిపులు కొలువుదీరినవేళ
కత్తి మరచి జనుల కరతలముల
మ్రోత కొరకు నాల్గు మూర్ఛనల్ సాగించి
రాగమెత్తి రాజు రాజ్యమోడె.

నాగావళి: నవ్వించారు, మ్రోతకు మూర్ఛనతో కుదిరిన యతి (పాదంలోని అక్షరమైత్రి) కూడా ముచ్చటగా ఉంది. అయితే ఇక్కడ ఓడినవాడు 'వన్స్ మోర్' కోసం నిలబడిపోయిన నటుడే గాని కథలోని రాజు కాడు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం నాటకంలో నిద్ర లేచిన కృష్ణుడు అర్జునుణ్ణీ దుర్యోధనుణ్ణీ కుశలమే అడుగుతాడు. కాని ఒకరికి ఉత్పలమాల, మరొకరికి శార్దూలం. ఆ శార్దూలంలో తమ్ముల క్షేమంతో పాటు కర్ణుడి క్షేమాన్నీ విచారించడంతో, బావ ఎవరి అండ చూసుకుని యుద్ధానికి దిగుతున్నాడో తనకు తెలుసునన్న సంగతి మర్యాద చెడకుండానే చెప్పేస్తాడు. రాగం ఎంతసేపు తీశారన్నది దాని ముందు చిన్న విషయం.

గంటస్తంభం: రాగం చిన్న విషయమని సెలవిస్తున్నది, కిందటిసారి కాటి సీను పూరణలో హరిశ్చంద్రుని చేత చితి ఆరేదాకా పాడించిన నాగావళి గారేనా?

నాగావళి: ఆ సీనులో కథ నిలిచిపోవడమే పాత్రకు బలం. జాషువా శ్మశానవాటి పద్యాలు బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకం కోసం పుట్టినవి కాకపోయినా, నటులు వాటిని హరిశ్చంద్రుని నోట పెట్టగా అతనివే అయిపోయాయి; రాజ్యం పోయి, భార్యను అమ్ముకుని కాటికాపరిగా మారినవాడికి ఆలోచన తప్ప మరేం మిగిలింది? ముట్టడిలో ఉన్న మీ రాజుకు ఆ తీరిక లేదు.

వంశధార:
సంధి మాట వినక సభలోన గర్జించి
కర్ణుని వంక చూచి కన్ను గీటి
గర్వమెల్ల నొక్క గమకాన చూపించి
రాగమెత్తి రాజు రాజ్యమోడె.

నిర్వాహకుడు: 'కర్ణుని' దగ్గర ఒక లఘువు (పొట్టి అక్షరం) ఎక్కువైంది, 'కర్ణు వంక' అంటే సరిపోతుంది. కన్ను గీటడం మాత్రం సుయోధనుడి స్థాయికి తగదు. మూడవ పాదం కోసం మిగతావన్నీ క్షమించవచ్చు, ఎందుకంటే పద్యం చివరి అక్షరాన్ని నటుడు ఎలా విడిచిపెడతాడో దానిలోనే అహంకారమంతా వినబడుతుంది. సంధి పొసగదని ప్రేక్షకుడు గ్రహించేది అక్కడే.

నాగావళి: రాజసూయం చేసిన ధర్మరాజును జూదంలో కూర్చోబెడుతున్నాను.
పందెమొడ్డునపుడు పలుకు సన్నగిలంగ
బెదురు దాచ గొంతు పెంచి పాడ
ధర్మజు మది సభకు తానుగా తెలిసెను
రాగమెత్తి రాజు రాజ్యమోడె.

నిర్వాహకుడు: నేను కోరినది ఇదే. వచనంలో పందెం చెబుతున్నప్పుడు గొంతు పెగలనివాడు పద్యం అందుకోగానే పై స్థాయికి వెళ్ళాడంటే అది ధైర్యం కాదని శకుని కన్నా ముందు ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. పాచిక పడకముందే ఓటమి వినిపించింది.

గంటస్తంభం: భావం బాగుందని ఒప్పుకోక తప్పదు. కాని 'తెలిసెను' అని క్రియను ముగించడంతో సమస్యాపాదం వేరుపడి అతికించినట్లుంది. 'తెలియంగ' అని ఉంటే గణమూ (ఛందస్సు లెక్క) చెడదు, అన్వయమూ సాగుతుంది.

నాగావళి: గణం చెడదన్నది నిజమే. మొదటి పాదం 'సన్నగిలంగ' అని సాగింది కనుక మూడవది కూడా అలాగే సాగితే పద్యమంతా ఒకే ఊపిరిగా వినబడుతుంది. ధర్మరాజు పాత్రధారి అక్కడ ఆగాలి, హార్మోనియం కూడా ఆగాలి, ఆ తరువాతే నాల్గవ పాదం పడాలి. 'తెలిసెను' అలాగే ఉంటుంది.

గంటస్తంభం: హార్మోనియం ఆపడానికి మా వైపు వాయించేవారు ఒప్పుకోవాలి గదా.