కంట్రీ రోడ్స్: జి నుంచి సికి మారేచోట తాళం తప్పుతా ఉండాది

బైరాగిపట్టెడ_కుర్రోడు:
జాన్ డెన్వర్ 1971లో పాడిన కంట్రీ (అమెరికా పల్లె బాణీ) పాట ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’ గిటార్ మీద నేర్చుకుంటా ఉండా. జి, ఇ మైనర్, డి, సి కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) వస్తా ఉండాయి. జి నుంచి సికి మారేచోట తాళం తప్పుతా ఉండాది. ట్యూనర్‌తో సరిచేసుకున్నా రికార్డుతో శ్రుతి కలవలేదు. వేళ్లు ఒకటే మంట. స్టీలు తీగలు తీసేసి నైలాన్ ఏసుకోవచ్చా? తిరుపతిలో నేర్పించేవాళ్లుంటే చెప్పండన్నా.

చిత్తూరు_తీగ:
రెండో ఫ్రెట్‌లో (మెట్టులో) కాపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, బిగించు తమ్ముడూ. రికార్డు ఏ (A) శ్రుతిలో ఉండాది, నువ్వు జి (G) శ్రుతిలో వాయిస్తా ఉండావు.

వీణ_తిరుపతి:
మొదట్లోనే కాపో వద్దు నాయనా. ఎస్వీ సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్నదాన్ని, చెప్తున్నా విను. మెట్ల మీద వేలు నడవాలి. కాపో పెట్టుకుంటే చెయ్యి ఒకేచోట పాతుకుపోతుంది.

చిత్తూరు_తీగ:
మేడమ్, ఇది వీణ కాదు. ఖాళీ తీగలు మోగితేనే కంట్రీ. కాపో లేకుండా ఏలో వాయిస్తే ఇ మైనర్ కాస్తా ఎఫ్ షార్ప్ మైనర్ అయి కూర్చుంటుంది. కొత్త పిల్లోడు బారే (ఒక్క వేలితో తీగలన్నీ అదిమే పట్టు) ఎట్ల పడతాడు?

వీణ_తిరుపతి:
జిలో మాత్రం బారే తప్పిందా? పాట మధ్యలో ఎఫ్ వస్తుంది, మరిచిపోయారా? ఏలో అదే చోట తేలికైన జి పడుతుంది. కష్టం రెండిట్లోనూ ఉంది.

చిత్తూరు_తీగ:
ఎఫ్‌ను కింది నాలుగు తీగలతోనే పట్టొచ్చు. మొదటి తీగ ఖాళీగా వదిలితే ఎఫ్ మేజర్ సెవెన్, అదీ సరిపోతుంది. ఏళ్ల తరబడి చర్చిలో వాయిస్తా ఉండా, నాకు చెప్పొద్దు.

మదనపల్లి_లయ:
కాపో గొడవ ఆపండబ్బా! పిల్లోడు అడిగింది వేళ్ల సంగతి. జిని మధ్యవేలు, ఉంగరంవేలు, చిటికెనవేలుతో పట్టు. సికి పోయేటప్పుడు మధ్యవేలు, ఉంగరంవేలు జంటగా ఒక్కో తీగ కిందికి జరుగుతాయి, చిటికెనవేలు లేస్తుంది, చూపుడువేలు రెండో తీగ మొదటి ఫ్రెట్‌లో పడుతుంది. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి ఈ రెండే మారుస్తా ఉండు. బొటనవేలు జికి ఆరో తీగ, సికి ఐదో తీగ మీటాల. అమెరికా కంట్రీ గిటారిస్టు మేబెల్ కార్టర్ వాయిద్యం వినండి, లావు తీగల మీద బొటనవేలితోనే పాట నడిపేది.

పీలేరు_పాత_గిటార్:
స్టీలు గిటార్‌కు నైలాన్ వేస్తే గొంతే లేవదు. తిరగేసి చేస్తే ఇంకా ఘోరం. నా నైలాన్ గిటార్‌కు ఒక అంగడాయన స్టీలు తీగలు బిగించినాడు. ఆ లాగుడుకు బ్రిడ్జి (తీగలు కట్టే చెక్క) పెకిలి పైకొచ్చేసింది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. స్టీలులోనే సన్నవి, 10 గేజి (తీగ మందం కొలత) వి అడుగు.

రేణిగుంట_డప్పు:
డ్రమ్ములు లేకుండా దరువు కావాలంటే కంట్రీ గాయకుడు జానీ క్యాష్ తీగల కింద కాగితం మడత దూర్చేవాడు. చిక్కు చిక్కుమని ఎంత బాగుంటుందో! నేను న్యూస్‌పేపరు వాడతా.

వీణ_తిరుపతి:
తీగకు నాదమే ప్రాణం. దాన్ని కాగితంతో నొక్కేస్తారా?

రేణిగుంట_డప్పు:
దరువు కూడా సంగీతమే అమ్మా. విని మాట్లాడండి.

కాళహస్తి_12తీగలు:
నాది పన్నెండు తీగల గిటార్. కాపో పెడితే సన్న తీగలు గరగరమంటా ఉండాయి. మీరు ఏ రకం కాపో వాడతా ఉండారు?