కులం అడిగి ఇల్లు ఇవ్వనన్నారు, ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఇల్లు వెతుకుతున్నాం. ఒక ఇల్లు నచ్చింది, అద్దె, అడ్వాన్స్ అన్నీ మాట్లాడుకున్నాం. చివర్లో ఓనర్ గారు "మీరేంటోళ్లు?" అని అడిగారు. ఎస్సీ అని చెప్పాను. మర్నాడు ఫోన్ చేసి "మా అబ్బాయి దిగుతున్నాడమ్మా" అన్నారు. టు లెట్ బోర్డు ఇంకా అలాగే వేలాడుతోంది. మా అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

నేను కొంత చదివాను. జాతి వివక్ష నిర్మూలనపై 1965 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 1968లో ఆమోదించింది. అందులో ఇంటి హక్కు కూడా ఉంది. వంశాన్ని బట్టి వివక్ష చూపకూడదని కూడా అందులో ఉంది, ఆ 'వంశం' అన్న మాటలో కులం కూడా వస్తుందని ఆ ఒప్పందం అమలును చూసే కమిటీ 2002లో చెప్పింది. కానీ మన ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు, మనలాంటివాళ్లు నేరుగా ఆ కమిటీకి రాసే దారీ తెరవలేదు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావుల గురించి చెబుతుంది, అద్దె ఇళ్ల పేరెత్తదు.

మరి ఇక్కడ ఏం చేయాలి? అట్రాసిటీ చట్టం కింద కేసు నిలుస్తుందా, లేక ఎస్సీ కమిషన్‌కు రాయాలా? సాక్ష్యం ఆ ఫోన్ కాల్ ఒక్కటే, రికార్డింగ్ లేదు. ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు, లాయర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.