సమస్య: ‘గుఱ్ఱ మొకటి నూనె గ్రోలి లేచె’

నిర్వాహకుడు, తిరుపతి:

ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం.

గుఱ్ఱ మొకటి నూనె గ్రోలి లేచె

గుర్రం గుగ్గిళ్లు తింటుంది, గడ్డి మేస్తుంది, నీళ్లు తాగుతుంది. నూనె తాగడమేంది, తాగి లేవడమేంది? పై మూడు పాదాలు మీరు రాసి ఆ చిక్కు విప్పాలి, అదే పూరణ. ఎందుకిచ్చానో ముందే చెప్పేస్తే కొంచెం మజా తగ్గుతుందేమో గానీ, దాచుకోలేను. మా ఇంట్లో మెట్ల కింద నాన్న యెజ్దీ మోటారుసైకిల్ ఉంది. 1984లో కొన్నాడు. చంద్రగిరి నుంచి తిరుపతికి రోజూ దాని మీదే పోయి వచ్చేవాడు. ఆయన పోయాక ఇరవై ఏళ్లు ఎవరూ ముట్టలేదు. దాని మీద పాత గోనెసంచులు, విరిగిన కుర్చీ, గంగమ్మ జాతరకు తెచ్చిన సున్నం బకెట్టు. మొన్న అన్నీ తీసి బయటికి లాగాను. టైర్లు బూడిదలా రాలాయి. ట్యాంకులో నుంచి పెట్రోలు వాసన కాదు, పాత బావి వాసన వచ్చింది. కిక్ కొడదామని కాలు పెడితే రాడ్ ఒక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

తర్వాత ఏం చేశానో మీ పూరణలు వచ్చాక చెబుతాను.

పీలేరు నుంచి ఒక సభ్యుడు:

అన్నా, మొదటి బోణీ నాదే.

పుట్టె మైసురందుఁ బొగలు గ్రక్కెడి బండి
తైల మింత గలిపి తగిన పాళ్ళఁ
బోసి కిక్కు గొట్ట బుసబుసమని మ్రోగె
గుఱ్ఱ మొకటి నూనె గ్రోలి లేచె.

ఒక సందేహం కూడా. ‘నూనె గ్రోలి’లో ‘గ్రో’ సంయుక్తాక్షరం కదా, దాని ముందున్న ‘నె’ గురువు (రెండు మాత్రల అక్షరం) కాదా? అయితే మీ సమస్యలోనే గణం తప్పినట్టే.

నిర్వాహకుడు:

బోణీ బాగుంది. గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) సరిపోయాయి. యెజ్దీలు మైసూరులోనే తయారయ్యాయి, నిజమే. అక్కడి ఐడియల్ జావా ఫ్యాక్టరీలో 1961 నుంచి జావాలు, 1973 నుంచి యెజ్దీ పేరుతో బళ్లు వచ్చాయి. 1996లో మూతపడింది. కానీ మైసూరును ‘మైసురు’ చేసి ఊరి దీర్ఘం మింగేశారు. ‘తగిన పాళ్ళ’ అని దాటవేయడం కూడా నాకు నచ్చలేదు. యెజ్దీ లాంటి టూస్ట్రోక్ బండికి విడిగా ఇంజనాయిల్ ఉండదు, పెట్రోల్లోనే కలపాలి. నాన్న లీటరుకు 40 మిల్లీలీటర్లు కొలిచి పోసేవాడు, దగ్గు మందు సీసా మూతతో. పద్యంలో ఆ మూత లాంటిది ఏదైనా పడి ఉంటే ప్రాణం వచ్చేది. ఇక ‘బుసబుస’ పాముకు. యెజ్దీ రెండు సైలెన్సర్ల చప్పుడు ఒక్కసారి విన్నవాడు ఆ మాట వాడడు. అన్నిటికంటే పెద్ద లోటు, బండి అన్నారు, గుర్రం అన్నారు, రెంటికీ ముడి వేయలేదు.

కట్టమంచి మాస్టారు, చిత్తూరు (రిటైర్డ్ తెలుగు పండితులు):

పీలేరు అబ్బాయి సందేహం మంచిది. గ్రోలు తెలుగు మాట. రెండు విడి మాటల మధ్య ఇలాంటి సంయుక్తాక్షరం వస్తే ముందరి అక్షరాన్ని మనం ఊది పలకం. ‘నూనె గ్రోలి’ అని ఒకసారి పైకి చదువుకో, ‘నె’ తేలిగ్గానే పోతుంది. సంస్కృత సమాసం మధ్యలో అయితే సంగతి వేరు. నీ పద్యంలోనే ‘పొగలు గ్రక్కెడి’ అని రాశావు కదా, అక్కడ ‘లు’ను లఘువుగానే (ఒక్క మాత్రగానే) లెక్కపెట్టావు. నీ చెవికి తెలుసు, నీకే తెలియలేదు.

తిరుపతి నుంచి ఒక పశువైద్యుడు:

మీరంతా మోటారుసైకిల్ అంటున్నారు. నాకు సమస్యే కనబడలేదు, రోజూ చేసే పని కనబడింది.

కడుపు నొప్పి వచ్చి కదలక పడియుండ
ముక్కులోన గొట్ట మునిచి పోయ
తెల్లవారుసరికి తేలికై పొట్టంత
గుఱ్ఱ మొకటి నూనె గ్రోలి లేచె.

గుర్రానికి పేగులో మేత గట్టిపడి అడ్డుకుంటే ముక్కులో నుంచి కడుపులోకి గొట్టం దించి లిక్విడ్ పారఫిన్ పోస్తాం. అదీ నూనే. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే దానికి కడుపునొప్పి ప్రాణం మీదికి వస్తుంది.

నిర్వాహకుడు:

డాక్టరు గారూ, నేను అసాధ్యం అనుకుని ఇచ్చిన దాన్ని మీరు చీటీ మీద రాసే మందు చేసేశారు. ఒక్క ఆక్షేపణ. గ్రోలడం అంటే నోటితో ఇష్టంగా తాగడం. మీరు ముక్కులో గొట్టం పెట్టి పోశారు. పాపం గుర్రం గ్రోలిందా, మీరు గ్రోలించారా?

పశువైద్యుడు:

మీరు గుర్రానికి గొట్టం పెట్టి చూడండి, ఏ క్రియాపదం సరిపోతుందో అప్పుడు మాట్లాడుకుందాం.

కట్టమంచి మాస్టారు:

‘గొట్ట మునిచి’లో యతి చక్కగా కలిసింది. ‘తేలికై పొట్టంత’ వాడుక మాటే, కానీ ఆటవెలదికి అదే అందం. నా దృష్టిలో సమస్యను సమస్యగా విప్పింది ఇప్పటిదాకా ఇదొక్కటే. క్రియాపదం పంచాయితీలో నేను దూరను.

మాధవమాల దగ్గరి నుంచి ఒక సభ్యుడు:

మా వైపు చెక్క బొమ్మలు చెక్కుతారు. మా పద్యంలో బొమ్మ గుర్రం.

చెక్క బొమ్మ యొకటి చెదలు పట్టక యుండ
నూనె పూసి యెండ నుంచినంత
పిల్లవాఁడు వచ్చి కళ్ళెమ్ము పట్టగా
గుఱ్ఱ మొకటి నూనె గ్రోలి లేచె.

నిర్వాహకుడు:

మూడో పాదంలో యతి తప్పింది. ‘పి’కి ‘క’తో ఏం చుట్టరికం? సరిచేసి మళ్లీ పెట్టండి.

కట్టమంచి మాస్టారు:

నాయనా, తొందరపడ్డావు. ఆటవెలదిలో యతికి బదులు ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం, చెల్లుతుంది. ‘పిల్ల’, ‘కళ్ళె’: రెండింటా రెండో అక్షరాలు చూడు. ల, ళలకు అభేదం ఉంది, రెండూ ఒకటే అని లెక్క. ఆయన తెలిసి వేశాడో తెలియక వేశాడో గానీ తప్పు కాదు. తప్పు పట్టాలంటే వేరే చోట పట్టు. ‘ఒకటి’ రెండుసార్లు, ‘నూనె’ రెండుసార్లు. ఆటవెలది లాంటి చిన్న ఇంట్లో ఒకే సామాను రెండేసి పెట్టుకోవడానికి చోటెక్కడిది? చెక్క నూనె పీల్చుకుంటుంది, అది గ్రోలడమే, ఒప్పుకుంటాను. మరి ‘లేచె’ ఎలా? పిల్లవాడి కళ్లకు లేచిందని ఒక్క మాట ఉండాలి.

మాధవమాల సభ్యుడు:

తెలియకే వేశాను మాస్టారూ. ఇప్పటి నుంచి తెలిసి వేసినట్టు చెప్పుకుంటాను.

నిర్వాహకుడు:

నా ఆక్షేపణ వెనక్కి తీసుకుంటున్నాను.

చంద్రగిరి నుంచి ఒక సభ్యురాలు:

మా ఇంటాయనకు కూడా ఈ పిచ్చి ఉంది. ఆయనది రాజ్‌దూత్, అదీ పాత టూస్ట్రోక్ మోటారుసైకిలే. ఇంట్లో జరిగిందే రాశాను, కల్పన లేదు.

వంటయింటి నూనె బండిలో వంపెను
మగఁడు తెలియకుండ మాపటేళ
పొద్దు పొడిచి లేవఁ బొగ యిల్లు నిండగా
గుఱ్ఱ మొకటి నూనె గ్రోలి లేచె.

గానుగలో ఆడించి తెచ్చిన శెనగనూనె! అడిగితే ఇంజనాయిల్ అయిపోయింది, షాపు మూసేశారు అన్నాడు.

నిర్వాహకుడు:

అక్కా, ఇంత నవ్వి చాలా రోజులైంది. ‘మాపటేళ’ దగ్గర పద్యం ఇంట్లోకి వచ్చేసింది. మొదటి పాదంలో ‘నూనె’ తీసి ‘జాడి’ పెడితే పునరుక్తి పోతుంది: వంటయింటి జాడి బండిలో వంపెను. నూనె ఎక్కడికి పోయిందో చివరి పాదం దాకా దాగి ఉంటుంది.

చంద్రగిరి సభ్యురాలు:

జాడీలో మా ఇంట్లో ఊరగాయ ఉంటుంది అన్నా. బండిలో ఆవకాయ వంపాడనుకుంటారు. నూనె నూనెగానే ఉండనీండి.

కట్టమంచి మాస్టారు:

అమ్మాయి చెప్పిందే న్యాయం. పునరుక్తి దోషమే, కానీ దోషం పోగొట్టబోయి అర్థం పోగొట్టకూడదు. ‘మగఁడు తెలియకుండ’ అంటే ఎవరికి తెలియకుండా అన్నది చెప్పకుండానే తెలుస్తోంది. ఆ ‘నాకు’ను మింగడంలోనే కోపమంతా ఉంది.

రేణిగుంట లేత్ షాపు తమ్ముడు:

అక్కా, శెనగనూనె వేడికి జిగురులా మారి పిస్టన్ రింగుల్ని పట్టేస్తుంది. ఇంజన్ హెడ్ విప్పి శుభ్రం చేయించండి. వంటింటి నూనెల్లో ఒక్క ఆముదమే పాత రోజుల్లో రేసు బళ్ల ఇంజన్లలో పోసేవాళ్లు. ఇంజనాయిల్ కంపెనీ క్యాస్ట్రాల్ పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరు ‘క్యాస్టర్ ఆయిల్’ నుంచి వచ్చిందే. ఇంకో మాట, పొగ తెల్లగా వచ్చి ఎంతకీ ఆగకపోతే అది మీరు పోసిన నూనె కాదు. క్రాంక్ దగ్గర ఆయిల్ సీల్ పోయి గేర్‌బాక్స్ నూనె ఇంజన్‌లోకి లాగేస్తుంటుంది. ఏళ్ల తరబడి నిలబెట్టిన టూస్ట్రోక్ బళ్లలో రబ్బరు సీళ్లు గట్టిపడిపోతాయి, ఇది మామూలే.

నాకు ఛందస్సు కొత్త. గణాలు వేళ్ల మీద లెక్కపెట్టుకుని రాశాను. తప్పులుంటే చెప్పండి.

మెట్ల క్రింద తుప్పు మేసి పండుకొనిన
దాని గొంతు విప్పి ధార వోసి
నాల్గు నాళ్ళు వేచి నయముగాఁ దన్నఁగా
గుఱ్ఱ మొకటి నూనె గ్రోలి లేచె.

నిర్వాహకుడు:

తమ్ముడూ, నువ్వు మా మెట్ల కింద దాక్కుని చూశావా?

నేను చేసింది సరిగ్గా ఇదే. పిస్టన్ సిలిండర్‌కు పట్టేసింది. స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ బొక్కలో నుంచి ఇంజనాయిల్, డీజిల్ సగం సగం కలిపి పోశాను. మర్నాడు చూస్తే మట్టం కొంచెం దిగింది, మళ్లీ పోశాను. కిక్ రాడ్ మీద ఎక్కి తొక్కలేదు, అలా చేస్తే లోపల పళ్లు విరుగుతాయని భయం. గేరులో వేసి వెనక చక్రాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపేవాణ్ణి, పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం. ఆరో రోజు ‘టక్’మని చిన్న చప్పుడు. చక్రం బెత్తెడు తిరిగింది. ఆ చప్పుడుకు నేను వేసిన కేకకు ఎదురింటివాళ్లు బయటికి వచ్చారు.

నాకు పట్టింది ఆరు రోజులు. కానీ ‘ఆఱు నాళ్ళు’ అంటే ‘నయముగా’తో యతి పోతుంది. పద్యం కోసం రెండు రోజులు ముందే లేచిందనుకుందాం.

ఆ తర్వాతదంతా చిల్లర పని. ట్యాంకులో చింతపండు పులుసు, గుప్పెడు పాత నట్లు వేసి గిలకొట్టాను. కార్బొరేటరు జెట్టు సన్నటి తీగతో కాదు, ఊది శుభ్రం చేశాను. కాంటాక్ట్ పాయింట్లు గీకి 0.4 మిల్లీమీటర్ల సందు పెట్టాను. బండి లేచింది.

కట్టమంచి మాస్టారు:

‘తుప్పు మేసి’! నలభై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ మాట నాకు తట్టేది కాదు. గుర్రం గడ్డి మేయాలి, ఇది తుప్పు మేసింది. ఆ ఒక్క క్రియతో బండి గుర్రమైపోయింది, పీలేరు పద్యంలో లేదన్న ముడి ఇక్కడ పడింది. ప్లగ్గు బొక్కను ‘గొంతు’ అన్నాడు కాబట్టి గ్రోలడానికీ దారి దొరికింది, డాక్టరు గారి గొట్టం అక్కర్లేకుండా. ఇంకోటి గమనించారా? లోకంలో గుర్రం మనిషిని తంతుంది. ఇక్కడ మనిషి తన్నితే గుర్రం లేచింది, అదీ ‘నయముగా’!

చిన్న లోపం చెప్పకుండా ఉండలేను. ‘దాని గొంతు’ అన్నాక మళ్లీ ‘గుఱ్ఱ మొకటి’ అంటే పక్క నుంచి ఇంకో గుర్రం లేచినట్టుంది. ‘ఒకటి’ సమస్యలోనే ఉంది కాబట్టి ఆ పాపం నిర్వాహకుడిది.

శ్రీకాళహస్తి నుంచి ఒక సభ్యుడు:

పద్యం రాదు, ప్రశ్న ఉంది. దీనికి పాతకాలపు బళ్లకిచ్చే వింటేజ్ నంబరు తీసుకోవచ్చా?

నిర్వాహకుడు:

2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటాలి. మాది 1984ది, ఇంకా 2034 దాకా ఆగాలి. పైగా ఆ నంబరు తీసుకుంటే రోజూ తిప్పడానికి ఉండదు. నాకు చంద్రగిరి పోయి రావాలి.

ఇక ఆనవాయితీ ప్రకారం నా పూరణ.

నాన్న నడిపినట్టి నలుపు యెజ్దీ బండి
మూలఁ బడిన దాని ముట్టినాను
అమ్మ తలుపు తీసి యాలకించిన వేళ
గుఱ్ఱ మొకటి నూనె గ్రోలి లేచె.

పశువైద్యుడు:

మూడో పాదం దగ్గర కాసేపు ఆగిపోయాను.

కట్టమంచి మాస్టారు:

నేనూ ఆగాను. కానీ ఆగినంత మాత్రాన వదలను. నాయనా, మూడో పాదం మంచి కవిది. అయితే నీ పద్యంలో నూనెకు పనేం ఉంది? నీళ్లు తాగి లేచిందన్నా అదే భావం వస్తుంది. సమస్య ఇచ్చినవాడివే సమస్యను విప్పకుండా భుజాన మోసుకుని వచ్చి నాలుగో పాదంలో దించావు. ఈ వారం నా ఓటు రేణిగుంటకు.

నిర్వాహకుడు:

ఒప్పుకున్నాను. నా ఓటూ అక్కడికే. రెండో స్థానం డాక్టరు గారిదా, చంద్రగిరి అక్కదా అన్నది మీరే తేల్చుకోండి.

రేణిగుంట లేత్ షాపు తమ్ముడు:

చాలా సంతోషం అన్నా, మాస్టారికి నమస్కారాలు. అన్నా, ఒక్కటి అడుగుతాను. బండి లేచాక పొగ ఎట్లుంది? మొదట్లో వచ్చి తగ్గిందా, తెల్లగా వస్తానే ఉందా?

నిర్వాహకుడు:

తెల్లగా వస్తోంది. పిస్టన్ మీద పోసిన నూనె కాలుతోందిలే అనుకున్నాను. నాలుగు రోజులైంది.

రేణిగుంట లేత్ షాపు తమ్ముడు:

గేర్‌బాక్స్‌లో నూనె మట్టం చూసినావా?

నిర్వాహకుడు:

ఇప్పుడే విప్పి చూసి వచ్చాను. సగానికి సగం లేదు.